గడువమ్మ చెప్పిన ఒక్క నిజం

లా కాలేజీ రెండో అంతస్తులో, మెట్లకు ఎడమవైపు మూడో గది తలుపు మీద "విదేశీ విద్యార్థుల సహాయ కార్యాలయం" అని రాసి ఉంటుంది. పేరు చూసి పెద్దగా ఊహించుకోవద్దు. ఒక బల్ల, రెండు ఇనప బీరువాలు. ఒక బీరువా మూతపడదు, రెండోది తెరుచుకోదు. తెరుచుకోనిదాంట్లో ఏముందో ఎవరికీ తెలియదు గానీ, ఏ కాగితం కనిపించకపోయినా అందులోనే ఉందని చెప్పడం ఆ ఆఫీసు ఆనవాయితీ. బల్ల వెనక గడువమ్మ. ఆవిడకు అసలు పేరు ఒకటుంది, జీతం ఆ పేరు మీదే వస్తుంది. కాకపోతే ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు.

పరాయి దేశాల నుంచి పై చదువుకు వచ్చినవాళ్ళ నివాస పర్మిట్లు, హాస్టలు గదులు, ఉత్తరాలు, ఏడుపులు అన్నీ ఆవిడ చూసుకోవాలి. వాళ్ళు మామూలు పిల్లలైతే ఎలాగోలా నెట్టుకొచ్చేది. ఇరవై ఎనిమిది మందీ వాళ్ళ వాళ్ళ దేశాల్లో నల్లకోటు తొడిగి నాలుగు ముక్కలు వాదించి వచ్చినవాళ్ళే. తెల్ల గోడ ముందు దిగిన ఫోటోలు రెండు పట్టుకురమ్మంటే, "తెలుపు అంటే నిర్వచనం ఎక్కడుందండీ?" అని అడుగుతారు. ఫారం నీలం సిరాతోనే నింపాలన్నందుకు ఒకతను నాలుగు పేజీల అభ్యంతరం రాసి ఇచ్చాడు, అదీ నల్ల సిరాతో. గడువమ్మ దాన్ని చదివి, మడిచి, ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టింది. ఆనాటితో బల్ల ఊగడం మానేసింది. న్యాయశాస్త్రం వల్ల ఆ గదికి జరిగిన మేలు అదొక్కటే.

ఇలాంటివాళ్ళ చేత సమయానికి దరఖాస్తు పెట్టించడానికి ఆవిడ ఒక పద్ధతి కనిపెట్టింది. పర్మిటు పొడిగింపుకు ఆఖరి రోజు ఇరవయ్యో తేదీ అయితే పదో తేదీ అని చెప్పేది. వాళ్ళు తమ ధర్మం ప్రకారం వారం ఆలస్యంగా పదిహేడున పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఆవిడ నెత్తి కొట్టుకుని, "మీకోసం ఆఫీసరు కాళ్ళు పట్టుకుంటాను, ఇదే చివరిసారి" అని కళ్ళు ఒత్తుకునేది. వాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు. పదకొండేళ్ళలో ఒక్క దరఖాస్తు కూడా గడువు దాటలేదు.

అయితే చదువుకున్నవాళ్ళను ఎల్లకాలం మోసం చేయలేం. మూడో ఏడే ఎవడో తేడా పసిగట్టాడు. వెనకటి రెండేళ్ళ తేదీలూ ఆరా తీసి, కాపీ మిషను గది తలుపు వెనక ఒక కాగితం అంటించాడు. గడువమ్మ చెప్పిన తేదీ ఒక గడిలో, అసలు తేదీ ఇంకో గడిలో, తేడా మూడో గడిలో. పైన "పూర్వ తీర్పులు" అని శీర్షిక. ప్రతి బ్యాచీ పోతూ పోతూ ఒక వరుస చేర్చి పోయేది. విషయం తెలిసి ఆవిడ పది రోజుల తేడాను పన్నెండు చేసింది. వాళ్ళు పన్నెండు రాసుకున్నారు. పదిహేను చేసింది. పదిహేను రాసుకున్నారు.

ఇంటి దగ్గర మొగుడు దర్జీ. ఆయనది సరిగ్గా తిరగేసిన జబ్బు. గురువారం ఇస్తానన్న కోటు పై గురువారం కూడా చేతికివ్వడు. పెళ్ళాం తేదీలు ముందుకు పరుగెత్తుతాయి, మొగుడి తేదీలు వెనక కుంటుతాయి. రెండూ కలిపి సగం చేస్తే ఆ ఇంట్లో ఇవాళ ఏ తేదీయో సరిగ్గా తెలుస్తుందని పక్కింటివాళ్ళు అనేవాళ్ళు.

ఆ ఏడు పర్మిట్ ఆఫీసు కొత్త నోటీసు పంపింది. అది చేతికందింది నాలుగో తేదీన. ఆఖరి రోజు పద్నాలుగు, ఆ తర్వాత తీసుకోబోమని రాసి ఉంది. మధ్యలో ఉన్నది పది రోజులు. అబద్ధం చెప్పడానికి కూడా చోటు లేదు. గడువమ్మ జన్మలో మొదటిసారి బోర్డు మీద నిజమైన తేదీ రాసింది.

దాదాపు అందరూ కాపీ గదికి వెళ్ళి, పద్నాలుగుకు పదిహేను కలిపి, ఇరవై తొమ్మిది అని తేల్చుకుని, హాయిగా కాఫీకి పోయారు.

జడ్జిగారు అని అందరూ పిలిచే విద్యార్థి ఒక్కడు మాత్రం ఆవిడ గదికి వచ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి, వాళ్ళ దేశంలో పదమూడేళ్ళు న్యాయమూర్తిగా కూర్చున్నవాడు. ఈ కాలేజీ ప్రవేశపరీక్ష మూడుసార్లు రాస్తే మూడోసారికి సీటొచ్చింది. ముగ్గురు పిల్లల్ని భార్య మీద వదిలి వచ్చాడు. వాళ్ళ ప్రభుత్వం ఇచ్చిన సెలవు ఏడాది, అదీ జీవితంలో ఒక్కసారే. ఇప్పుడు కుర్రవాళ్ళ వెనక వరుసలో నిలబడి హాస్టలు తాళంచెవి అడుక్కుంటాడు. అడిగేటప్పుడు కూడా తీర్పు చదువుతున్నట్టే ఉంటుంది.

"అమ్మగారూ, పద్నాలుగు అనేది అసలు గడువా? లేక మీ గడువా?"

గడువమ్మకు మనసు చివుక్కుమంది. "అసలుదేనండీ జడ్జిగారూ. ఈసారి నిజం."

ఆయన ఆవిడ మొహంలోకి అర నిమిషం చూశాడు. "విన్నాను," అని తల వంచి వెళ్ళిపోయాడు. నమ్మాడనే అనుకుంది. తొమ్మిదిన ఆయన పాత కోర్టు దస్తావేజులు చూడటానికి వేరే ఊరు వెళ్ళాడని ఆవిడకు తెలియదు.

పన్నెండో తేదీకి వచ్చిన దరఖాస్తు ఒక్కటి. అది ముందు బెంచీలో కూర్చునే అమ్మాయిది. ఆ పిల్ల వాన రాకముందే గొడుగు తెరిచే రకం. గడువమ్మ ఇక ఆగలేదు. తిన్నగా క్లాసులోకి వెళ్ళి నిలబడింది.

"నాయనా, మీ కాళ్ళకు మొక్కుతాను, ఎల్లుండే ఆఖరు!"

"పోయినేడు కూడా ఇలాగే ఏడ్చారటండీ," అన్నాడు వెనక బెంచీవాడు.

"అది నటన రా! ఇది నిజం ఏడుపు!"

"తేడా ఎలా తెలుస్తుందండీ?"

నోటీసు చూపించింది. వాళ్ళు దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసి, ఇది ఆవిడే టైపు చేసి ఉండవచ్చని అభిప్రాయపడ్డారు. అనడంలో తప్పు లేదు. ఆరేళ్ళ కిందట అలాంటిదొకటి టైపు చేసిన మాట వాస్తవం. చివరికి ఆవిడ అందరి ముందూ పర్మిట్ ఆఫీసుకు ఫోన్ చేసి, గొంతు అందరికీ వినపడేలా పెట్టింది. "ఆఖరి తేదీ పద్నాలుగు," అని అక్కడి యంత్రం మూడుసార్లు చెప్పింది. ఆ తర్వాత క్లాసులో మిగిలింది పాఠం చెప్పే ప్రొఫెసరొక్కడే.

పద్నాలుగు సాయంత్రం కౌంటరు మూసేసరికి ఇరవై ఏడు దరఖాస్తులు లోపలికి వెళ్ళాయి. జడ్జిగారి ఫోన్‌కు ఆవిడ పదకొండుసార్లు కబురు వదిలింది. కోర్టు గడప తొక్కేటప్పుడు ఫోన్ కట్టేయడం ఆయనకు పదమూడేళ్ళ అలవాటు. ఆ పది రోజులూ ఆయన ఉన్నది కోర్టులోనే, పడక కూడా అక్కడి అతిథి గదిలోనే.

పద్దెనిమిదిన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నీలం సిరాతో ముత్యాల్లా నింపిన ఫారాలు.

"పదకొండు రోజులు ముందే తెచ్చానమ్మా," అన్నాడు కాస్త గర్వంగా.

గడువమ్మ సొరుగు లాగింది. నోటీసు ఆయన ముందుకు తోసింది. ఆయన చదివాడు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"నా మాట వినలేదేంటండీ?"

"విన్నానమ్మా. తూచాను కూడా. ఒకవైపు మీ మాట. రెండోవైపు పదకొండేళ్ళ సాక్ష్యం, తలుపు వెనక. సాక్ష్యాన్ని బట్టి నిర్ణయించుకున్నాను."

"నా మొహం చూసైనా నమ్మొచ్చు కదా!"

"మొహాలు చూసి తీర్పు చెప్పే అలవాటు లేదమ్మా."

నెలాఖరుకు పాత పర్మిటు అయిపోతుంది. ఆ మర్నాడు ఆయన విమానం ఎక్కాలి. పరీక్షలు ఇంకా ఆరు వారాలున్నాయి. మళ్ళీ రావడానికి సెలవు లేదు. సగం చదివిన డిగ్రీని ఏ దేశంలోనూ డిగ్రీ అనరు.

గడువమ్మ నిబంధనల పుస్తకం మొత్తం గాలించింది. ఒక్క దారి దొరికింది. ఆలస్యానికి కారణం కాలేజీ సిబ్బంది చెప్పిన తప్పుడు సమాచారమే అయితే, ఆ సిబ్బంది రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఆఫీసరు తన విచక్షణ మేరకు దరఖాస్తు తీసుకోవచ్చు. ఇద్దరూ డీన్‌గారి దగ్గరికి వెళ్ళారు. డీన్‌గారు నీడ చూసి కూడా పక్కకు తప్పుకునే మనిషి.

"కంప్యూటరు చెడిపోయిందని రాసేద్దాం," అన్నాడాయన. "కంప్యూటరు తిరిగి మాట్లాడదు కదా."

"అబద్ధపు పత్రం జతచేస్తే నా దరఖాస్తు మీద నేను సంతకం పెట్టను," అన్నాడు జడ్జిగారు.

"అయితే నేనే తప్పు తేదీ చెప్పానని రాస్తాను," అంది గడువమ్మ.

"మీరు సరైన తేదీ చెప్పారమ్మా. అదీ అబద్ధమే."

"ఇల్లు కాలుతుంటే బిందె తోమి తెమ్మంటారేంటండీ! నేను నిజం చెప్పానని రాస్తే మీరు విమానం ఎక్కాలి. అబద్ధం చెప్పానని రాస్తే మీరు సంతకం పెట్టరు. ఇక రాయడానికి మిగిలిందేంటి?"

కాలేజీలో అంతమంది న్యాయకోవిదులున్నా జవాబు లేకపోయింది. ఆ రోజు గడువమ్మ ఇంటికెళ్ళి మొగుడి మిషను పక్కన కూలబడింది.

"ఏంటే అంత నీరసం?"

చెప్పింది. ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తూ విన్నాడు.

"నాకూ జరిగింది. ఆ బ్యాంకు అబ్బాయి కోటు గుర్తుందా? ఇంటర్వ్యూకని కుట్టించుకున్నాడు. ఆ ఒక్కసారి చెప్పిన గురువారానికే కుట్టి తగిలించాను. వాడు రాలేదు. నా సంగతి తెలిసినవాడు కదా, వారం ఆగి వచ్చాడు. ఈలోగా ఇంటర్వ్యూ అయిపోయింది, చొక్కాతోనే వెళ్ళాడట."

"మరి తప్పెవరిది?"

"నేను టైముకే కుట్టాను కదా అని వాదించాను. వాడు ఒకటే అన్నాడు. 'మాస్టారూ, మీరు ఈ గురువారం అబద్ధం చెప్పలేదు. మిగతా గురువారాలన్నీ చెప్పారు' అని." దారం పళ్ళతో తెంపాడు. "తప్పు నాదేనే. తగ్గట్టే తిట్టి పోయాడు."

"ఆ తర్వాత నువ్వేమైనా మారావా?"

"నా సంగతి వదిలేయ్. నీ సంగతి చూసుకో."

మర్నాడు గడువమ్మ ఉత్తరం రాసింది. పదకొండేళ్ళుగా తాను విద్యార్థులందరికీ కావాలనే తప్పుడు తేదీలు చెప్పాననీ, ఒకసారి దొంగ నోటీసు కూడా టైపు చేశాననీ, ఈ ఏడు మాత్రం నిజం చెప్పాననీ, ఆ పదకొండేళ్ళ వల్లే ఈ మనిషి నమ్మలేదనీ, కాబట్టి ఆలస్యం తనదేననీ రాసింది. కాపీ గది తలుపు వెనక కాగితం ఊడబీకి జత చేసింది. జడ్జిగారు రెండుసార్లు చదివి, ఒక కామా మార్పించి, తన దరఖాస్తు మీద సంతకం పెట్టాడు.

డీన్‌గారికి చెమటలు పట్టాయి. "ఈ ఉత్తరం బయటికెళ్తే మీ ఉద్యోగానికి నేను పూచీ ఇవ్వలేనమ్మా."

"ఇప్పటిదాకా మాత్రం ఎప్పుడిచ్చారండీ," అని కవరు నాలుకతో తడిపి అంటించింది.

పర్మిట్ ఆఫీసులో నాలుగో కౌంటరు. ఆఫీసరు ఉత్తరం మొదటిసారి గంభీరంగా చదివాడు. రెండోసారి పెదాలు బిగబట్టి చదివాడు. జత చేసిన కాగితం చూసేసరికి మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు.

"మీ కాలేజీవాళ్ళు ఒక్కరూ ఆలస్యంగా రారేంటా అని మేం ఇక్కడ తెగ ఆశ్చర్యపోయేవాళ్ళం," అన్నాడు తేరుకుని.

"ఆ ఆశ్చర్యం వెనక ఉన్నది నేనేనండీ. ఈయన్ని మాత్రం పంపేయకండి."

ఆఫీసరు జడ్జిగారి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఇది సిబ్బంది తప్పేనా?"

జడ్జిగారు లేచి నిలబడ్డాడు. "పదకొండు వంతులు ఆమెది. ఒక వంతు నాది. మనిషి కళ్ళెదుట నిలబడి నిజం చెబుతుంటే నేను తలుపు వెనక కాగితాన్ని నమ్మాను."

గడువమ్మ అదిరిపడి ఆయన చొక్కా పట్టి లాగింది. "ఆ ఒక వంతు ఇప్పుడే చెప్పాలా మీరు?"

ఆఫీసరు కాసేపు కలం ఆడించాడు. తర్వాత ముద్ర తీసి ఫారం మీద ధన్‌మని కొట్టాడు. రసీదు చింపి జడ్జిగారి చేతిలో పెట్టాడు. జడ్జిగారు దాన్ని తిరగేసి చూసి, మడవకుండా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి అలాగే ఉంచేశాడు.

ఆఫీసరు కిటికీలోంచి ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "ఇంకో మాటమ్మా. మీలో మీరే ఉంచుకోండి. పద్నాలుగు అనేది మేం బయటికి చెప్పే తేదీ. జనం ఎలాగూ ఆలస్యంగా వస్తారు కదా. లోపల ఫైలు ఇరవై రెండు దాకా తెరిచే ఉంటుంది."

గడువమ్మ మొహం ఎర్రబడింది. "ఎంత అన్యాయం! గవర్నమెంటు ఆఫీసులో కూర్చుని అబద్ధాలా! ముందే చెబితే నా నోటితో నేను ఇంత రాసుకునేదాన్నా? ఇటివ్వండి ఆ ఉత్తరం."

ఆఫీసరు ఇవ్వబోయాడు. జడ్జిగారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"క్షమించాలమ్మా. రికార్డులోకి వెళ్ళిన పత్రం వెనక్కి తీసుకోవడం కుదరదు."

ఆవిడ ఆయన్ని బస్సు దాకా తిట్టింది. బస్సులోనూ తిట్టింది. ఆయన ఒక చేత్తో పైన కమ్మీ, ఇంకో చేత్తో జేబు పట్టుకుని, అన్నీ శ్రద్ధగా విన్నాడు. దేనికీ అభ్యంతరం చెప్పలేదు.