కిడ్నీలు బాగున్న మనిషి

వజ్రపుకొత్తూరుకు తూర్పున, ఇసుక దిబ్బల వెనక, కుమారి ఇల్లు. పొద్దున్నే బోట్లు ఒడ్డుకు రాగానే చేపలు వేలంలో పాడుకుని, తట్టకెత్తుకుని, పలాస బజారులో అమ్ముతుంది. గొంతు పెద్దది. బస్సులో చోటు లేదని చెప్పడానికి కండక్టర్లు జంకుతారు. ఒక మాట రెండోసారి చెప్పమంటే ఆమెకు విసుగు.

2006లో ఆమె ఒకే మాటను ఊరంతటికీ చెప్పుకోవలసి వచ్చింది. తన మొగుడికి కిడ్నీ జబ్బు లేదని.

మొగుడి పేరు అసిరయ్య. ఆ ఏడాది ఎండలు ముదరకముందే చేపల వేట మానేశాడు. ఇంట్లో ఎవరూ పోలేదు. బోటు మునగలేదు. ఎవరితోనూ గొడవ లేదు. ఒక ఉదయం లేవలేదు, అంతే. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడూ అలాగే. చోడి అంబలి పెడితే రెండు గుక్కలు తాగి గిన్నె పక్కకు నెట్టేవాడు. ఏమైందని అడిగితే ఒకటే జవాబు.

"ఏటీ నేదు."

ఇంటింటా కిడ్నీ జబ్బులున్న ఆ ఉద్దానంలో మనిషి తిండి మానేసి పడుకుంటే ఎవరైనా అడిగేది ఒక్కటే, రక్తంలో క్రియాటినిన్ ఎంత అని. బడికి వెళ్ళని ముసలివాళ్ళకు కూడా ఆ మాట నోరు తిరుగుతుంది. కుమారి అతని రక్తం పరీక్ష చేయించింది. బాగుంది. ఊళ్ళోకి వైద్య శిబిరం వచ్చినప్పుడు మళ్ళీ చేయించింది. బాగుంది. నమ్మకం కుదరక టెక్కలి తీసుకెళ్ళి ఇంకోసారి చేయించింది. అక్కడా బాగుంది.

"ఎంతొచ్చిందే?" అని పక్కింటి జోగమ్మ గోడ మీంచి అడిగింది.

"బాగానే ఉందట."

"మరేటే నీ ఏడుపు? ఇద్దరికి సరిపడా కిడ్నీలున్నాయి నీ మొగుడికి. లెగమను."

జోగమ్మ మొగుడు కూర్మయ్య రక్తం కడిగించుకోవడానికి వారం వారం విశాఖ వెళ్ళి వచ్చేవాడు. వచ్చిన రోజు అరుగు మీద కూర్చుని, వాచిన కాళ్ళతోనే వల బాగుచేసేవాడు. అది చూశాక కుమారికి నోరు పెగిలేది కాదు. నోరు పెగలకపోవడం ఆమెకు కొత్త.

శ్రీకాకుళంలో మనసు డాక్టరు ఒకాయన చూసి, ఇది దిగులు జబ్బు అన్నాడు. మాత్రలు రాశాడు. నెలలు గడిచాక మాత్రలు మార్చాడు. తరవాత మళ్ళీ మార్చాడు. అసిరయ్య అన్నీ బుద్ధిగా మింగాడు. ఆ బుద్ధే కుమారికి ఒళ్ళు మండించేది. ఒక్కసారి విసిరి కొట్టినా బాగుండేది, మనిషి ఉన్నాడని తెలిసేది.

కార్తీకంలో ఒక ఉదయం ఆమె ఓపిక అయిపోయింది.

"లెగు మావా. నీల్లు పోసుకో. నా సేపల తట్ట నయం, నీకంటే."

"తరవాత."

"తరవాతంటే ఎప్పుడు? నాను పోయాకా?"

చెయ్యి పట్టుకుని బోరు దగ్గరికి లాక్కెళ్ళింది. బండ మీద నాచు. అతను జారి చేతి మీద పడ్డాడు. మణికట్టు విరిగింది. అప్పుడు కూడా అతను గట్టిగా అరవలేదు. అరిచింది ఆమె.

పలాసలో ఎముకల డాక్టరు త్రినాథరావు నర్సింగ్ హోమ్ ఉంది. ఎముక సరిచేసి, కదలకుండా సన్నటి స్టీలు తీగ గుచ్చాలన్నాడు. మత్తు ఇవ్వడానికి యుగంధర్ అనే డాక్టరు టెక్కలి నుంచి స్కూటరు మీద వచ్చాడు. అక్కడి నర్సింగ్ హోములన్నిటికీ మత్తిచ్చేది ఆయనే. ఆయన సంచిలోంచి చిన్న సీసా తీశాడు. మందు నీళ్ళలా ఉంది. తలుపు సందులోంచి కుమారి చూసింది. మొగుడు నిద్రపోయాడు గాని కళ్ళు తెరిచే ఉన్నాయి.

మెలకువ వచ్చాక, "పైకప్పు అలలాగ ఊగతంది" అన్నాడు. ఇన్ని నెలల్లో అంత పొడుగు మాట అదే.

మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఆకలేత్తంది" అన్నాడు.

ఆమె మళ్ళీ అనమంది.

"ఆకలేత్తందన్నాను గదే. సెవుడా?"

ఎండుచేపల పులుసు పెడితే గిన్నె ఖాళీ చేసి, ఉప్పు తక్కువైందన్నాడు. కట్టు కట్టిన చేత్తోనే ఒడ్డుకు నడిచాడు. కూర్మయ్య పక్కన కూర్చుని, వల చిక్కులు తీయడం చూస్తూ, ఇది వలా జోగమ్మ జడా అని అడిగాడు. ఎండలో తడి ఆరినట్టు మనిషి తేలికపడ్డాడు. చేపలు తక్కువ రేటుకి ఇచ్చేసిందని నాలుగో రోజు ఆమెతో పోట్లాడాడు. ఆమె సంతోషంగా పోట్లాడింది.

ఐదు రోజులు. ఆరో రోజున గోడవైపు తిరిగాడు.

దీనికి ఎవరి లెక్క వాళ్ళు చెప్పారు. తన మాత్రలు అప్పుడే పట్టాయని, ఓపిక పట్టమని మనసు డాక్టరు అన్నాడు. నొప్పి బిళ్ళల హుషారని త్రినాథరావు అన్నాడు.

"దెబ్బకి జడిసి లెగిసినాడు. ఇంకో సెయ్యి కూడా ఇరగ్గొట్టీ" అంది జోగమ్మ.

కుమారి ఆలోచించింది. ఆ రోజు కొత్తగా అతని ఒంట్లోకి వెళ్ళినవి తీగ, నొప్పి బిళ్ళలు, సూది మందు. తీగ ఇంకా చేతిలోనే ఉంది, బిళ్ళలు ఇంకా మింగుతూనే ఉన్నాడు, మనిషి మాత్రం మంచం ఎక్కాడు. అయితే మందే అయి ఉండాలి. ఖాయంగా తెలియదు. ఇంకోసారి ఇస్తే తెలుస్తుంది. తీగ తీసే రోజున మళ్ళీ మత్తిస్తారు గదా అనుకుంది. ఆ రోజు కోసం పండగకు చూసినట్టు చూసింది.

ఆ రోజు రాగానే అతనికి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు. మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉండాలని కిందటిసారి చెప్పారు. బస్సులో అతను నిద్రపోతే ఆమె దారంతా కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చుంది. చాలా రోజులకు ఆమె మనసు నిమ్మళంగా ఉంది.

త్రినాథరావు అసిరయ్య చెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏ పేట మీది? ఈసారి వేట బాగుందా?" అంటూనే పట్టకారుతో తీగ చివర పట్టుకుని ఒక్క లాగు లాగాడు. తీగ ట్రేలో టంగుమని పడింది. అసిరయ్య పళ్ళు బిగించాడు.

"అయిపోయింది. ఇంతదానికి మత్తెందుకమ్మా, డబ్బు దండగ" అన్నాడు డాక్టరు, మేలు చేసిన మొహంతో.

కుమారి ట్రే వైపు చూసింది.

"తీసేసినారా?"

"తీశాను."

"ఎవులు తీయమన్నారు?"

"తీయించుకోడానికే గదమ్మా వచ్చావు!"

"మల్లీ ఎట్టీయండి."

"ఏమిటీ?"

"మల్లీ ఎట్టీసి, మత్తిచ్చి తీయండి బాబూ! నెలన్నర నుంచి సూత్తన్నాను దీనికోసం!"

త్రినాథరావు నర్సు వైపు చూశాడు. నర్సు గుమ్మం వైపు చూసింది. పక్క గదిలో చేతులు కడుక్కుంటున్న యుగంధర్ ఈ కేకలకు బయటికి వచ్చాడు. కుమారి ఐదు రోజుల సంగతి, గోడ సంగతి, పులుసు సంగతి ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఆయన నవ్వలేదు. అసిరయ్య పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"నువ్వు చూసింది అబద్ధం కాకపోవచ్చమ్మా. ఈ మందునే అమెరికాలో దిగులు జబ్బుకి ఇచ్చి చూస్తున్నారు. మాత్రలకు లొంగనివాళ్ళకి. కొద్దిమందికే ఇచ్చారు. కొందరికి ఒక రోజులోనే తేలిక పడింది. వారం తిరిగేసరికి చాలామందికి మళ్ళీ మొదటికొచ్చింది."

"మరి ఇయ్యండి."

"ఇవ్వకూడదు. ఎన్నిసార్లు ఇవ్వొచ్చో, ఇస్తూ పోతే ఏమవుతుందో వాళ్ళకే తెలీదు. నాకసలే తెలీదు. నేను మత్తిచ్చేవాణ్ణి, మనసు డాక్టర్ని కాను."

"సీసా మీ సంచిలోనే ఉంది గదా బాబూ."

"ఉంది."

"ఆడు ఈ బల్ల మీదే ఉన్నాడు గదా."

యుగంధర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకూ విసుగొచ్చింది, ఎవరి మీదో తెలియని విసుగు. ఐదు రోజుల తరవాత మళ్ళీ వస్తావు, ఆ తరవాత మళ్ళీ వస్తావు, ఎన్నాళ్ళని ఇవ్వను, అన్నాడు. విశాఖ తీసుకెళ్ళమన్నాడు. అక్కడ తలకు కరెంటు పెడతారు. పాత వైద్యం, ఇలాంటివాళ్ళలో చాలామందికి పనిచేస్తుంది. భయపడొద్దు, ముందు మత్తిస్తారు.

ఆ చివరి మాట దగ్గర కుమారి తలెత్తింది.

"మత్తిత్తారా?"

"ఇస్తారు."

"అయితే మత్తిచ్చి, కరెంటు ఎట్టకండా ఒగ్గేమని సెప్పండి."

ఈసారి యుగంధర్ నవ్వాడు. నవ్వి, నవ్వినందుకు నొచ్చుకున్నాడు.

ఆమె విశాఖ వెళ్ళింది. కరెంటంటే భయం గాని, మత్తు మీద ఆశ. పెద్దాసుపత్రిలో మొగుణ్ణి బండి మీద తోసుకెళ్తుంటే పక్కన నడిచింది. అక్కడి సిరంజిలో మందు పాలలా తెల్లగా ఉంది.

"ఇది కాదమ్మా. నీల్లలాటిది" అంది నర్సుతో.

"నువ్వు ఏ ఆసుపత్రిలో పనిచేశావు?"

"సేపలమ్ముతాను."

"అయితే బయట కూర్చో."

బయట కూర్చుంది. కోపంతో కూర్చుంది. మూడో విడత కరెంటు దాకా తేడా కనపడలేదు. నాలుగో విడత తరవాత అసిరయ్య పక్క మంచం వాడి బీడీ వాసనకు ముక్కు మూసుకుని తిట్టాడు. తరవాత అన్నం పెట్టమన్నాడు. ఈసారి ఆరో రోజు వచ్చింది, ఏడో రోజు వచ్చింది. గోడవైపు తిరగలేదు. వేసవిలో వేట నిషేధం అయిపోయిన మర్నాడు బోటెక్కాడు.

పలాస బజారులో ఒకసారి యుగంధర్ ఆమె తట్ట ముందు ఆగాడు. మీ ఆయనెలా ఉన్నాడని అడిగాడు.

"ఏటకెల్తన్నాడు. మీ నీల్లమందు సంగతి ఏటయింది?"

"ఇంకా చూస్తున్నారమ్మా."

"ఎన్నాల్లు సూత్తారు బాబూ? సూసేవోల్ల కల్లు పోతాయి."

ఆమెకు దక్కిన మొగుడిలో ఒక లోటుంది. కరెంటు వైద్యానికి ముందటి నెలలు అతనికి చాలావరకు గుర్తులేవు. కొన్నాళ్ళకు కొన్ని తిరిగి రావచ్చని, కొన్ని రాకపోవచ్చని విశాఖలో ముందే చెప్పారు. బోరు దగ్గర పడటం గుర్తులేదు. తీగ గుర్తులేదు. ఆ ఐదు రోజులు గుర్తులేవు. అన్ని నెలలూ ఆమె ఆ ఐదు రోజులను పట్టుకునే బతికింది. పడవ మునిగితే కొయ్యను పట్టుకున్నట్టు. ఇప్పుడు అవి ఆమె ఒక్కదానికే జరిగినట్టున్నాయి.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అతను మణికట్టు మీది మచ్చ చూసుకున్నాడు.

"ఇదేటే?"

"ఎన్నిసార్లు సెప్పాల? మొన్నే సెప్పినాను."

"ఇంకోసారి సెప్పు."

"సెప్పను. నా నోరు అరిగిపోనాది. జోగమ్మనడుగు."

అతను అడగలేదు. ముద్ద కలుపుకుంటూ ఎదురుచూశాడు. ఆమె పళ్ళేలు సర్దింది, పిల్లిని తరిమింది, ఎవరినో తిట్టింది. తరవాత వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మొదటి రోజు ఆకలేత్తందన్నావు. ఎండుసేపల పులుసు ఎట్టినాను. గిన్నంతా తినీసినావు."

"ఉప్పు తక్కువైందన్నాను గావాల."

ఆమె ముందుకు వంగింది.

"గురుతొచ్చిందా మావా?"

"నేదే" అన్నాడు అసిరయ్య, పులుసు గిన్నె ఆమె వైపు జరుపుతూ. "ఇయాల కూడా తక్కువే."