గడప బయటి మాట

భర్త పోయిన తొలి నెలల్లో సైదమ్మ ఏడ్చింది గానీ భయపడలేదు. భయం తర్వాత పట్టుకుంది. ఒకనాటి పొద్దున పొయ్యి ముందు కూర్చుని ఉండగా రామనర్సయ్య వెనకనుంచి పిలిచినట్టు అనిపించింది. పోయినవాళ్లు అట్లా పిలుస్తుంటారని ఆమె విన్నదే, అందులో వింత లేదు. వింతంతా ఆయన అన్న మాటలో ఉంది.

"సైదమ్మా, కొంచెం టీ ఇస్తావా?" అన్నాడాయన.

ఇన్నేళ్ల కాపురంలో రామనర్సయ్య ఒక్కనాడూ అట్లా అనలేదు. అసలేమనేవాడో గుర్తు తెచ్చుకోబోయింది. చాయ్ అనేవాడు, అది తెలుసు. ఏదో ఎకసెక్కం కలిపి అడిగేవాడు, అదీ తెలుసు. కానీ ఆ మాట ఆయన నోట ఎట్లా పలికేదో చెవికి అందలేదు. ఎంత వెతుక్కున్నా మళ్లీ అదే, మెత్తగా ఇస్త్రీ చేసినట్టున్న మాట. గొంతు ఆయనదే. మాట మాత్రం రేడియోది.

రామనర్సయ్యది చివ్వెంల దగ్గరి ఊరు. గొర్లు కాసిన ఇల్లు. ఆయన గట్టు మీద నిలబడి కేకేస్తే చెల్క పొలాలకు అవతల చెదిరిన మంద కూడా తల తిప్పేదని చెప్పుకునేవారు. ఆ గొంతే ఆయన్ని మంద నుంచి మైకు బండిలోకి తెచ్చింది. ఆటోకు రెండు గొట్టాలు కట్టి, చీరల దుకాణం తెరిచినా, సర్కస్ వచ్చినా, మోతె నుంచి సూర్యాపేట దాకా ఊరూరా చెప్పుకుంటూ పోయేవాడు. చెప్పేది చీరల సంగతే అయినా, పనిలో ఉన్నవాళ్లు చెయ్యి ఆపి వినేవాళ్లు.

సుధాకర్ విన్నది అప్పుడే. ఆయన ఆంధ్రా సరిహద్దులోని కోదాడ మనిషి. సూర్యాపేటలో ఎరువుల దుకాణం మీది మేడ కిరాయికి తీసుకుని కేబుల్ నడిపేవాడు. వాళ్ల నాన్న పోగుచేసిన పాత పాటల క్యాసెట్లు బీరువాల నిండా ఉండేవి. కేబుల్లో ఒక ఛానల్ ఖాళీగా పడి ఉంటే, దాని మీద ఒక గులాబీ పువ్వు బొమ్మ పెట్టి పాటలు వదిలాడు. పువ్వు కదలదు, పాట ఆగదు. జనం టీవీ మీద తువ్వాల కప్పి వినేవారు. అందుకే దానికి రేడియో అనే పేరు వచ్చింది. కోదాడ కేబులు వాళ్లు అడిగి తీసుకున్నారు, మిర్యాలగూడ వాళ్లూ తీసుకున్నారు. బియ్యం మిల్లుల్లో బస్తాలు కుట్టే ఆడవాళ్లు ఆ పాటల మీదనే పొద్దు గడిపేవారు.

పాటకూ పాటకూ నడుమ మాట్లాడే మనిషి కావలసివచ్చాడు. సుధాకర్ మైకు బండిని ఆపి రామనర్సయ్యను దింపుకుపోయాడు.

మొదటి వారం రామనర్సయ్య తనకొచ్చిన మాటే మాట్లాడాడు. సుధాకర్ ఏమీ అనకముందే మిర్యాలగూడ నుంచి ఒకామె ఫోన్ చేసింది. "గిట్ల మాట్లాడెటోళ్లు మా వాకిట్లనే శానమంది ఉన్నరు. రేడియోల గూడ గిదేనా?" అని పెట్టేసింది.

"చూశావా? నేనంటే కోదాడోడు అన్నాడంటావు. మీవాళ్లే అంటున్నారు," అన్నాడు సుధాకర్. "నీది కంచు గొంతయ్యా. గొంతుకు తగ్గ మాట నేర్చుకో. పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడు."

రామనర్సయ్య నేర్చుకున్నాడు. స్నానం చేస్తూ, గడ్డం గీసుకుంటూ, "చూడండి, చూశారా, చూద్దాం" అని వల్లెవేసేవాడు. అలవాటులో 'సూడుండ్రి' అని జారితే నాలుక కొరుక్కునేవాడు. 'ఉంటది' పోయి 'ఉంటుంది' వచ్చింది. పేరు కూడా మైకులో రామనరసింహం అయింది.

సైదమ్మ వాకిలి ఊడుస్తూ నవ్వేది. "ఎవలింటికొచ్చిన్రు సారూ? మా ఆయన పనికి పోయిండు, మళ్ల రాండ్రి," అనేది. "గిసుంటి మాటల మొగోన్ని ఇంట్ల వెట్టుకుంటె ఊరోళ్లు ఏమనుకుంటరు?"

అందుకే ఆయన ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. చెప్పులతోపాటు ఆ భాషనూ గడప బయటే విడిచేవాడు. లోపలికి వచ్చిన రామనర్సయ్య మళ్లీ చివ్వెంల రామనర్సయ్యే. తిట్టినా, మురిపెం చేసినా, కూరలో ఉప్పు తక్కువైందన్నా, కూతురు లహరికి చదువు చెప్పబోయి తానే తప్పు చెప్పినా, అంతా ఇంటి మాటలోనే. బయట మూడు ఊళ్లకు వినబడిన మనిషి ఇంట్లో ఒక్క ఆడమనిషికి, ఒక పిల్లకు మాత్రమే వినబడేవాడు.

తర్వాత ఇళ్లకు కేబుల్ పెట్టెలు వచ్చాయి. గులాబీ పువ్వుకు వాటిలో చోటు దొరకలేదు. సుధాకర్ రేడియోను సెల్‌ఫోన్లలోకి ఎక్కించాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. పాట ఎవరి జేబులో వాళ్లకు దొరికే కాలం వచ్చాక, ముందు ఫోన్లు చేసేవాళ్లు తగ్గారు, ఆ తర్వాత వినేవాళ్లు తగ్గారు. రామనర్సయ్య వారానికొకసారి పోయి శుభోదయాలూ శుభరాత్రులూ అన్నీ ఒక్క విడతలో చెప్పి వచ్చేవాడు. వాటిని కంప్యూటర్ వేళకు వేళ వినిపించేది.

అందుకే, బజారులో గుండె పట్టుకుని కూలిపోయి, దవాఖానకు చేరేలోపే ఆయన పోయినా, మర్నాడు పొద్దున్నే ఫోన్లో మూడు ఊళ్లకూ శుభోదయం చెప్పాడు. లహరి ఫోన్ ఆపబోతే సైదమ్మ చెయ్యి పట్టుకుంది. ఉండనియ్యమంది. ఆనాటి నుంచి ఇంట్లో అది మోగుతూనే ఉంది. వండుతూ విన్నది, నడుం వాలుస్తూ విన్నది. ఆ గొంతే ఆయన అనుకుంది సైదమ్మ. ఆ వినడమే తన చెవిలో ఉన్న మనిషిని అరగదీస్తున్నదని, టీ అడిగిన ఆ పొద్దుటిదాకా ఆమెకు తెలియలేదు.

ఫోన్లో రేడియో ఆపేసింది. మిర్యాలగూడలో ఉన్న కూతురికి చెప్పింది.

"నీ ఫోన్ల నాయిన మాట్లాడింది ఏమన్నా ఉన్నదా బిడ్డా?"

"యాడిదమ్మా. రికార్డు వెడ్తె కోపానికొచ్చేటోడు గదా. పొద్దంత మైకుల వాగి వచ్చిన, ఇంట్ల గూడ మైకేనా అనేటోడు."

లహరి పెండ్లి వీడియో ఉంది. అందులో ఆయన అల్లుడి కాళ్లు కడుగుతూ ఏదో అంటాడు, చుట్టూ అందరూ నవ్వుతారు. కానీ వీడియో తీసినవాడు మొదటినుంచి చివరిదాకా పాటలు నింపాడు. పెదవులు కదలడమే కనబడుతుంది.

ఆ నెలలోనే రేడియో మూసేస్తున్నారని తెలిసింది. సైదమ్మ బస్సెక్కి సూర్యాపేట పోయింది.

మేడ మీద సుధాకర్ క్యాసెట్లను పెట్టెల్లో సర్దిస్తున్నాడు. ముఖేష్ కంప్యూటర్ ముందున్నాడు. మోతె దగ్గరి తండా మనిషి, మొదటినుంచీ పాటలు ఎక్కించే పని అతనిదే. తల సగం నెరిసింది. ఆమెను చూసి లేచి కుర్చీ జరిపాడు.

"ఒక్క మాట గావాలె తమ్మీ," అంది సైదమ్మ. "మీ అన్న ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడింది. సిన్నదైనా మంచిదే, తిట్టినా మంచిదే."

"ఎన్ని కావాలంటే అన్ని తీసుకెళ్లు చెల్లెమ్మా," అన్నాడు సుధాకర్. "అన్నీ దాచాను. ఆయన ఒక్కచోట తొట్రుపడడు, విను."

విన్నది. ఆ రోజంతా విన్నది, మర్నాడూ వచ్చి విన్నది. పండుగ శుభాకాంక్షలు, ఎండలు జాగ్రత్త, సాగర్ నీళ్లు వదిలిన సంతోషం, పాటకు ముందు రెండు మాటలు, పాట తర్వాత రెండు మాటలు. సుధాకర్ అన్నట్టే ఎక్కడా తొట్రుపాటు లేదు. అదే ఆమెకు ముల్లయింది.

"ఒక్కపారన్న నోరు జారలేదా?"

"శాన జారిండు వదినా," అన్నాడు ముఖేష్, ఆమె ముఖం చూడకుండా. "జారినప్పుడల్ల అన్ననే ఆపి కోయించిండు. ఒక్క 'సూడు' గూడ ఉంచనియ్యలే. పని పనిలెక్క ఉండాలనెటోడు."

కోసేసిన ముక్కలు ఏమైనాయని ఆమె అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో ముఖేష్ ముఖంలోనే ఉంది.

అప్పుడతనికి ఏదో తట్టింది. ఫోన్ కార్యక్రమాల్లో వెతికి వెతికి ఒకటి పెట్టాడు.

"నమస్కారమండీ, ఎవరు మాట్లాడుతున్నారు?" అంది రామనర్సయ్య గొంతు.

"నేను. సైదమ్మను," అంది ఆమె గొంతే, ఇంకా వయసులో ఉన్న గొంతు.

ఇంటివాళ్లు ఫోన్ చెయ్యకూడదని సుధాకర్ నియమం. అప్పటికే మూడు ఊళ్లూ వింటున్నాయి.

"సైదమ్మ గారూ, బాగున్నారా? ఇంట్లో అందరూ బాగున్నారా అండీ?"

"ఇంట్లకు యాడ పోయిన? తాళంచెవి మా ఆయన జేబులేసుకపోయిండు. ఎండల అరుగు మీద కూసున్న."

"అయ్యో. మీవారు ఏం చేస్తుంటారండీ?"

"ఏం జేస్తడు. మాట్లాడ్తడు."

గొంతు సవరించుకున్న చప్పుడు. నవ్వు మింగిన చప్పుడు అది. "వచ్చేస్తారు లెండి. ఈలోగా మీకోసం ఏ పాట వేయమంటారు?"

"ఏదైతేంది. జెర పొట్టిది ఎయ్యుండ్రి."

సుధాకర్ పగలబడి నవ్వాడు. సైదమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం ఆయన చెమటలు కక్కుతూ సైకిల్ తొక్కుకొచ్చి, తాళంచెవి ఒళ్లో వేసి, ఏదో అన్నాడు. ఆ మాటకు తను అరుగు మీద పడీపడీ నవ్వింది. అంత నవ్విన సంగతి గుర్తుంది. ఏమన్నాడో లేదు. మొగుడూ పెళ్లాం మాట్లాడుకున్నది లోకంలో మిగిలింది ఇదొక్కటే. ఇందులో ఆయన ఆమెను అండీ అంటున్నాడు.

"సార్," అంది సుధాకర్ వైపు తిరిగి, "మైకు లేనప్పుడు మీతోని ఎట్ల మాట్లాడెటోడు?"

సుధాకర్ నవ్వు ఆగింది. "నాతోనూ ఇలాగే చెల్లెమ్మా. నేను నేర్పిన మాటే మాట్లాడేవాడు. వేరే మాట నేనెప్పుడూ వినలేదు." చేతిలోని క్యాసెట్‌ను పెట్టెలో పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు.

"నాతోటి మనలెక్కనే," అన్నాడు ముఖేష్ మెల్లగా.

"ఏమనెటోడు?"

"ఏమంటడు వదినా, పనికిమాలిన మాటలు. పంక గురించి, చాయ్ గురించి."

"అను. ఆయన అన్నట్టు అను."

ముఖేష్ సిగ్గుపడ్డాడు. సుధాకర్ ఉన్న దిక్కు చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, మెడ కొంచెం పక్కకు వంచి, తెలియకుండానే రామనర్సయ్య కూర్చున్న తీరులోకి పోయి అన్నాడు: "అరె ముఖేషూ, గా పంక జెర నా దిక్కు తిప్పరాదురా. నీ పెయ్యే పెయ్యా, నా ఒళ్లు కట్టెనా?"

'రాదురా' దగ్గర కొద్దిగా పైకి లేచి, 'కట్టెనా' దగ్గర దీర్ఘం తీసి విడిచిన ఆ పలుకు ఆయనదే. అది గదిలోకి వచ్చింది. పక్కన నిలబడ్డంత దగ్గరగా వచ్చింది.

"ఇంకొక్కపారి అను తమ్మీ."

ముఖేష్ అన్నాడు. ఈసారి జాగ్రత్తగా, ఆమె కోసం, ఒక్క మాటా పోకుండా అన్నాడు. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ అది ముఖేష్ గొంతు. మోతె తండా మనిషి, పోయిన స్నేహితుణ్ని అనుకరిస్తున్న గొంతు.

అతనికీ తెలిసింది. నీళ్లు తాగి, మళ్లీ మెడ వంచి, నోరు తెరిచాడు.

సైదమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తమ్మీ," అంది. "మళ్లంటె మొదట ఇన్నది గూడ పోతది."