మల్లేశ్ స్వెట్టర్‌లో నేనిచ్చిన జవాబు

నేను చేసిన బేరాల్లో ఇంతకు మించినది లేదు. పైసా పెట్టుబడి లేకుండా, దొంగ సంతకం లేకుండా, నోటిమాటతో ఉప్పల్‌లో మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల దుకాణం సంపాదించాను. మేముండే నాచారంలో నాకంటే గట్టి బేరగాడు లేడంటారు. నిజమే. కాకపోతే ఆ బేరం చూపు లేని మనిషితో చేశాను, అదీ ఇంకొకరి గొంతుతో. ఏళ్లుగా అది నా గుండె మీదే కూర్చుంది. ఇంట్లో చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా దుకాణానికి వచ్చేవారు కారు కదా.

దుకాణం మా పెదనాన్నది. పిల్లలు లేరు. షుగరు ఆయన కళ్లను తినేసింది. అప్పటి నుంచి ఆయనకు అన్నీ మల్లేశే. జనగామ వైపు నుంచి వచ్చి, గిన్నెల మీద పేర్లు చెక్కే పనిలో చేరి, అక్కడే ఉండిపోయిన మనిషి. అన్నం కలిపి పెట్టేవాడు, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు. తమ్ముడి కొడుకునైన నేను సాయంత్రాలు వచ్చి గల్లా దగ్గర కూర్చునేవాణ్ణి.

పెదనాన్నది ఒకటే మాట. ధర ఒకసారి చెబుతాడు. వద్దంటే గిన్నె తీసి లోపల పెట్టేస్తాడు, రెండోసారి అడగడు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. దీన్ని గుర్తుంచుకోండి, నా పాపమంతా దీని మీదే నిలబడింది.

ఆయన దవాఖానాలో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం, వార్డులో ఏసీకి నేను వణుకుతుంటే మల్లేశ్ తన స్వెట్టర్ విప్పి నాకు తొడిగి, మందుల కోసం కిందికి వెళ్లాడు. పెదనాన్న కునుకు నుంచి లేచి, చెయ్యి చాచి, నా ముంజేతి మీది ఉన్నిని తడిమాడు.

"మల్లేశూ, దుకాణం నీ పేరున రాస్తున్న."

ఆయన చెయ్యి ఇంకా ఆ ఉన్ని మీదే ఉంది.

"మా తమ్ముని కొడుకు ఫికర్ వద్దు. వాడు యమునితోని గూడ బేరమాడి బతుకుతడు. నువ్వు జెప్పు, నీకిష్టమేనా?"

అప్పుడు నేను మల్లేశ్‌లా గొంతు తగ్గించాను. "నాకొద్దు సేటూ. ఊరికి వోయి పొలం జూస్కుంట. మీ తమ్ముని కొడుక్కే ఇయ్యిన్రి."

"గట్లనా," అన్నాడు. చేయి తీసేశాడు. గోడ వైపు తిరిగాడు. కాసేపటికి భుజాలు కదలడం చూశాను.

స్వెట్టర్ విప్పి కుర్చీ మీద వేసి వరండాలోకి వెళ్లాను. మల్లేశ్ వచ్చి గోలీలు వేసుకొమ్మని బతిమాలుతున్నాడు. పెదనాన్న నోరు తెరవలేదు. రెండోసారి అడగలేదు. ఆ రోజు నుంచి మల్లేశ్ చేతి ముద్ద తినలేదు, కారణమూ చెప్పలేదు. దుకాణం నా పేర రాశాడు, నెల తిరక్కుండా పోయాడు. దినాలు అయిపోయాక మల్లేశ్ నన్ను అడిగాడు: "తమ్మీ, సేటుకు నామీద ఏం కోపమొచ్చింది?" పెద్దోళ్లకు గంతేలే అన్నాను. అతను చెక్కే మిషన్ ఒక్కటే పట్టుకుని వెళ్లిపోయాడు.

ఈ మధ్య చర్చిలో బహుమతులకని ఒక టీచరమ్మ పళ్లేలు కొనడానికి వచ్చింది. వాటి మీద పేర్లు చెక్కేలోపు యూదుల లేఖనాల్లోని కథ ఒకటి చెప్పింది. మేకతోలు చేతులకు చుట్టుకుని, ఒళ్లంతా వెంట్రుకలున్న అన్నలా నటించి, చూపు లేని తండ్రి దీవెన కొట్టేసిన కొడుకు కథ. తండ్రి తడిమి చూసి నమ్మాడు. ఆ కొడుకే ముసలివాడయ్యాక అతని కొడుకులు తమ తమ్ముణ్ణి అమ్మేసి, వాడి అంగీని మేక రక్తంలో ముంచి తెచ్చి చూపించారు. చచ్చిపోయాడనుకుని, ఎక్కడో బతికే ఉన్న బిడ్డ కోసం ఏళ్ల తరబడి ఏడ్చాడు. ఏ మేకతో మోసం చేశాడో ఆ మేకతోనే మోసపోయాడని, దేవుడి తీర్పుకు కొలత ఉంటుందని ఆమె అంది. ఆ దేవుడూ మా కులపోడేనేమో టీచర్, తూకం బాగా తెలుసని నవ్వాను.

ఆ రోజు నుంచి నా శిక్ష కోసం వెతుకుతున్నాను. కళ్లు చూపించుకున్నాను, బాగున్నాయి. పిల్లలు బాగున్నారు. గిరాకీ బాగుంది. ఇంకా రావాలా? వస్తే కళ్లకా, కొడుకుల చేతనా? వాయిదా ఏమైనా ఉంటుందా అని దేవుడితోనూ బేరం మొదలుపెట్టాను, సిగ్గు లేకుండా.

తర్వాత తట్టింది. ఆ కథలో ముసలితండ్రి బతికున్న కొడుకు కోసం ఏడ్చాడు. మా పెదనాన్న కూడా అంతే. ఆయన ఎవరు కాదన్నారని ఏడ్చాడో ఆ మనిషి పక్కనే గోలీలు పట్టుకుని నిలబడ్డాడు. వాళ్లిద్దరి మధ్య ఉన్న మాటను నేను దొంగిలించాను. దొంగిలించినది నా దగ్గరే ఉండిపోయింది. పెదనాన్న అతన్ని కొడుకనుకున్నాడని ఈ లోకంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంతకంటే సరిగ్గా తూచిన శిక్ష ఏముంటుంది?

మల్లేశ్ ఇప్పుడు నారపల్లిలో ఒక ప్లాట్ల వెంచర్ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. కారులో రెండుసార్లు ముందు నుంచి వెళ్లాను. ఆపలేదు. నిజం చెబితే దుకాణం అడుగుతాడని భయమా? కాదు. అడగడు. ఏడుస్తాడు, అది నేను చూడాల్సి వస్తుంది.

అందుకే ఇందులో తగ్గింపు అడగను. దుకాణం తిరిగిచ్చినా తీరని లెక్క ఇది. పెదనాన్న తాను కొడుకనుకున్నవాడే తనను కాదన్నాడనుకుని పోయాడు, దాన్ని ఎవరూ తీర్చలేరు. మల్లేశ్ తప్పేమిటో తెలియక బతుకుతున్నాడు, దాన్ని నేను తీర్చగలను. ఇవాళ్టి వరకూ తీర్చలేదు.