ఆ రేకు మూసింది నేనే

మొన్న పొద్దున మా మనవరాలు తన గదిలో నేల మీద పాత పేపరు పరిచి, కంప్యూటరు డబ్బాను దాని మీద పడుకోబెట్టి, పక్క రేకు ఊడదీసి, లోపలి నుంచి అరచేతికన్నా కాస్త పెద్దదిగా ఉన్న పలక ఒకటి బయటికి లాగి, "అవ్వా, ఇంట్ల రబ్బరున్నదా? పెన్సిలు రబ్బరు," అని కేకేసింది. తెర మీద బొమ్మ రావడం లేదట. ఆ పలకను గ్రాఫిక్స్ కార్డు అంటారని, దాని అంచున ఉండే బంగారు రంగు పళ్ళు మాసిపోతే రబ్బరుతో రుద్ది మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టాలని నాకు విడమరచి చెప్పబోయింది. నాకు తెలుసన్నాను. ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వేసిందా అని కూడా అడిగాను. అది చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి, నన్ను కొత్తగా చూసినట్టు చూసింది. ఇప్పటి యంత్రాలు అట్లా కూయవట, లోపల చిన్న దీపం వెలిగి తప్పెక్కడుందో చూపిస్తుందట. అప్పటిది కూసేదమ్మా, ఐదు రోజులు కూసింది, దానికి జవాబు తెలిసిన మనిషి ఈ ఇంట్లోనే ఉన్నా ఆమె మాట నేను బయటికి రానియ్యలేదు అన్నాను. ఏంది కథ, చెప్పు రాస్తా అని కూర్చుంది. అందుకని చెబుతున్నాను. నా ఈడు వాళ్ళెవరైనా చదివితే, ఉమ్మడి కుటుంబంలో వంటింటి గడప లోపల బతికినవాళ్ళైతే, నేను చెప్పకుండా వదిలేసింది కూడా వాళ్ళకు అర్థమవుతుంది.

బాన్సువాడలో మా ఇంటి ముందు గదే దుకాణం. మా ఇంటాయన మొదట్లో టైపు మిషను పెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు పోయే అర్జీలు కొట్టేవాడు, తర్వాత జిరాక్సు వచ్చింది, ఆ తర్వాత రెండువేల సంవత్సరం అటూ ఇటూగా కంప్యూటరు వచ్చింది. ఆయనకు దాని మీద చెయ్యి ఆడలేదు. ఎలుక తోక పట్టుకున్నట్టు పట్టుకునేవాడు ఆ మౌసును. అది నేర్చుకున్నది మా యారాలు, అంటే మా మరిది భార్య. పెళ్ళికి ముందే బోధన్‌లో ఆరు నెలలు కంప్యూటరు కోర్సు చేసి వచ్చింది. పుట్టిల్లు డోంగ్లి దిక్కు కాబట్టి మరాఠీ కూడా మంచినీళ్ళ ప్రాయంగా వచ్చు. ఆ మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ళ వాళ్ళు పెళ్ళి పత్రికలకు ఒక పక్క మరాఠీ, ఒక పక్క తెలుగు కావాలని అడిగేవారు. చుట్టుపక్కల అట్లాంటి పత్రిక తయారు చేసేది మా దుకాణం ఒక్కటే. పూలు, గణపతి బొమ్మ, రంగు అంచులు, అన్నీ తెర మీద ఎట్లా ఉంటే కాగితం మీద అట్లా రావాలని ఆమె పట్టుబట్టి ఆ గ్రాఫిక్స్ కార్డు కూడా వేయించింది.

పట్టుబట్టి అంటే ఎవరి దగ్గర పట్టుబట్టింది అనుకున్నారు, నా దగ్గర. మా ఇండ్లల్లో తమ్ముడి భార్య బావకు ఎదురుపడి మాట్లాడేది కాదు. ఇది ఇప్పటి పిల్లలకు నవ్వులాటగా ఉంటుంది. గదికి నడుమ ప్లైవుడ్డు చెక్క అడ్డం కట్టించి, అటు పక్క కంప్యూటరు ముందు ఆమెను, ఇటు పక్క జిరాక్సు దగ్గర తనను కూర్చోబెట్టుకున్నాడు మా ఇంటాయన. రెండడుగుల దూరం. "డోంగ్లోల్ల పెండ్లి కార్డు ఎంతదాంక వచ్చిందో అడుగు," అని ఆయన గోడకేసి చూస్తూ అంటే, "పొద్దుగూకెవరకు అయితదని చెప్పక్కా," అని ఆమె చెక్క వెనుక నుంచి అనేది. నేను గడపలో నిలబడి, ఆయన అప్పటికే విన్న మాటనే మళ్ళీ చెప్పేదాన్ని. పత్రికల కోసం వచ్చిన వాళ్ళు మా ముగ్గురినీ చూసి నవ్వు బిగబట్టుకునేవారు. మా మరిది బిచ్కుందలో ఎరువుల దుకాణంలో గుమాస్తా, పొద్దున బస్సుకు పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు, అన్న ముందు తలెత్తే మనిషి కాడు. అంటే ఈ ఇంట్లో ఆమె నోరు నేనే. ఆ సంగతి నాకు తెలుసు, కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఒక్కటి మాత్రం నిజం చెప్పుకోవాలి. ఆమె కంప్యూటరు ముందు కూర్చున్నంతసేపు పదిమంది వంట నా ఒక్కదాని మీద పడేది. జొన్నరొట్టెలు కొట్టీ కొట్టీ భుజం లాగేది. అటు పక్క నుంచి టకటకమని అక్షరాలు కొడుతున్న చప్పుడు వినిపిస్తే, దాని వేళ్ళకు రొట్టె కొట్టే గతి ఎప్పుడు పడుతుందో అని ఒకటి రెండుసార్లు మనసులో అనుకున్నాను కూడా.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ ముందు రోజు ఆమె పండుగ శుభ్రం అని డబ్బా లోపల రంగులేసే బ్రష్షుతో దుమ్ము దులిపింది. ఆ డబ్బాకు పక్క రేకు ఎప్పుడూ ఉండేది కాదు, వేడెక్కుతుందని తీసేసి టేబుల్ ఫ్యాను పెట్టుకునేది. తెల్లారి బతుకమ్మ, ఆ తర్వాతి రోజు దసరా. దసరా పొద్దున అందరూ తలంట్లు పోసుకుంటున్నారు. నేను ముందుగా స్నానం చేసి పూజ పళ్ళెం పట్టుకుని దుకాణంలోకి వచ్చాను. జిరాక్సుకు పసుపు కుంకుమ పెట్టాను, పాత టైపు మిషనుకు పెట్టాను. తర్వాత కంప్యూటరు డబ్బాకు. మా పుట్టింట్లో మా నాయన ట్రాక్టరుకు కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు ఇంజను మీద చల్లి దండం పెట్టేవాడు, నాకు తెలిసిన పూజ అది. అట్లాగే చేశాను. పిడికెడు కుంకుమ చల్లాను, కాయ కొట్టి నీళ్ళు చిలకరించాను. కాయలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. చిప్ప చేతిలో ఒరిగి ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారే ఆ తెరిచి ఉన్న పక్క నుంచి లోపలికి పోయాయి.

కొంగుతో అందినంత తుడిచాను. ఎర్రటి నీరు లోపలి పలక మీద నుంచి సన్నగా జారి, అది గుచ్చి ఉన్న సందులోకి దిగడం చూశాను. స్నానాల గది దగ్గర మా ఇంటాయన దగ్గు వినిపించింది. గోడకు ఆనించి ఉన్న రేకు తీసి డబ్బాకు మూసి, దాని మీద ఒక బొట్టు పెట్టి బయటికి వచ్చేశాను.

పండుగ మర్నాడు స్విచ్చి వేస్తే ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. లోపల నుంచి కూత మొదలైంది. ఒక పొడుగు, రెండు పొట్టి. డోంగ్లి దిక్కు నుంచి పెళ్ళివారు పత్రిక నమూనా చూసుకోవడానికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మా ఇంటాయన వాళ్ళ ముందే గోడకేసి తిరిగి, "తెలివి ఎక్కువైతే గిట్లనే అయితది. మంచిగున్న మిషన్ల బ్రష్షు వెట్టి గెలుకుమన్నదెవ్వరు?" అన్నాడు. చెక్క వెనుక నుంచి ఆమె లేచి వంటింట్లోకి వచ్చింది. కళ్ళు తుడుచుకోలేదు, తొందరగా మాట్లాడింది.

"అక్కా, అది ఊకనే అరుస్తలేదు. అట్ల కూసిందంటే కార్డు సరిగ కూసుంటలేదన్నట్టు. బోధన్‌ల మాకు నేర్పిన్రు. ఒక్కసారి బయటికి తీసి, పండ్లు తుడిచి మల్ల పెడత. గడియ పని. బావకు జెర చెప్పు."

చెప్తా అన్నాను. లేచి గడప దాకా నడిచాను కూడా. ఆయన పెళ్ళివారిని బతిమాలుతున్నాడు. నేను నోరు తెరిస్తే ఆమె రేకు ఊడదీస్తుంది, రేకు ఊడదీస్తే కుంకుమ కనపడుతుంది. పండుగ పూట లక్ష్మి లాంటి యంత్రాన్ని పాడుచేశానని అందరి ముందు ఆయన నన్ను అనే మాటలు ఒక్కొక్కటి నాకు ముందే వినిపించాయి. గడపలో ఉన్న చెంబు తీసుకుని, దానికోసమే పోయినట్టు వెనక్కి వచ్చి, "ఇప్పుడు మస్తు కోపం మీదున్నడు చెల్లె, రేపు చూద్దాం," అన్నాను. ఆ రేపు రాలేదు. పెళ్ళివారు మధ్యాహ్నం బస్సుకు వేరే ఊళ్ళో అచ్చు వేయించుకోవడానికి వెళ్ళిపోయారు.

బాగుచేసే అతను పండుగ సెలవుల మీద ఊరికి పోయి ఐదో రోజు వచ్చాడు. మా ఇంటాయన ఏదో పని మీద బజారుకు వెళ్ళిన సమయంలోనే అతను కార్డు బయటికి తీశాడు. అంచు పళ్ళ మీద ఎండిన ఎర్రటి చెక్కు. వాసన చూసి నవ్వాడు. "ఏందమ్మా, దీనికి గూడ బొట్టు వెట్టిన్రా? కొబ్బరినీళ్ళు గూడ తాగిచ్చిన్రు." నేను మా చిన్నమ్మాయి పుస్తకాల సంచిలోంచి రబ్బరు తెచ్చిచ్చాను. అతను రుద్దుతుంటే ఎర్రటి నలుసులు రాలాయి. వాటిని అరచేతిలోకి ఎత్తి కొంగుకు ముడివేసుకుని, పండుగ మాట, అశుభం అనుకుంటారు, ఎవరితో అనకు తమ్మీ అన్నాను. అతను మంచివాడు. మా ఇంటాయన వచ్చాక, కార్డు దుమ్ము పట్టింది, తుడిచిన, అని ఊరుకున్నాడు. తెర మీద బొమ్మ వచ్చింది. దుమ్ము అన్న ఆ ఒక్క మాటతో ఆమె తప్పు ఖాయమైపోయింది. ఆ వారమే రుద్రూర్ నుంచి ఒకతన్ని కంప్యూటరు పనికి పెట్టుకున్నారు. మరాఠీ పత్రికలు ఆగిపోయాయి. మా యారాలు వంటింట్లో నా పక్కన పెనం ముందు కూర్చుంది.

నా భుజం నొప్పి తగ్గింది. ఇది రాయి బిడ్డా, వదిలిపెట్టకు. ఆమె రొట్టెలు కొడుతుంటే నేను కాలుస్తూ, ఒక పూట కాదు, నెలల తరబడి సుఖపడ్డాను. ఎవరింటి పెళ్ళి పత్రికైనా వస్తే ఆమె పిండి చేత్తోనే పట్టుకుని చూసి, "ఇక్కడ అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కినయి," అనేది. ఎవరితో అన్నట్టూ ఉండేది కాదు. అట్లా అన్న రోజు నాకు అన్నం దిగేది కాదు, మర్నాడు మామూలుగానే దిగేది.

రెండేళ్ళు గడిచాయనుకుంటాను. ఒక మధ్యాహ్నం ఇద్దరం చాటల్లో బియ్యం ఏరుతున్నాం. తల ఎత్తకుండానే అంది. "అక్కా, ఆ దినం రేకు మూసి ఉండె. నేనైతే ఎన్నడు ముయ్యకపోదును, వేడైతదని నీకెరుకనే. మీద బొట్టు గూడ ఉండె." చాటలోని రాయి ఒకటి తీసి గోడ వైపు వేసింది. "నేను అక్కడ చెయ్యి వెట్టంగనే జిగట తగిలింది. కింద బల్ల మీద గూడ కారింది. బావ రాకముందే తడిగుడ్డతోని తుడిచిన. పండుగ పూట నీకు మాటొస్తదని. నువ్వే చెప్తవు గదా అనుకున్న."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నాకు తేలికయ్యేది. తన మీదికి రాబోయే నిందను తప్పించగల ఒక్క సాక్ష్యాన్నీ తన చేత్తోనే తుడిచేసి, నా నోటి మీద నమ్మకం పెట్టుకుని ఐదు రోజులు కాచుకుని ఉందన్నమాట. నేనేమన్నానో చెప్పనా? పాలు పొంగుతున్నట్టున్నయి చూడు అన్నాను. పొయ్యి మీద పాలే లేవు. ఆమె లేచి వెళ్ళి చూసి వచ్చి, మళ్ళీ చాట ముందు కూర్చుంది. ఆ తర్వాత ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

తర్వాత అన్నదమ్ములు వేరు పడ్డారు, ఆమె బిచ్కుంద తోవలో ఇల్లు కట్టుకుంది. మా ఇంటాయన ఆ బ్రష్షు మాటే నమ్ముకుని పోయాడు. ముందు గదిలో ఇప్పుడు ఫోన్లకు గాజు పలకలు అతికించే అతను కిరాయికున్నాడు. పెళ్ళి పత్రికలు ఫోన్లలో వచ్చి ఫోన్లలోనే పోతున్నాయి. నా కోడళ్ళు బావల ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడతారు, తప్పుంటే తప్పని మొహం మీదే అంటారు. మొదట్లో విడ్డూరంగా చూసేదాన్ని. ఇప్పుడు వాళ్ళ గొంతులు ముందు గది దాకా వినపడితే ప్రాణం కుదుటపడుతుంది. ఎవరి మాటా ఎవరి నోట్లోనూ చిక్కుకోవడం లేదు కదా. అయినా ఒక మనిషి తన మాటనంతా తెచ్చి నా చేతుల్లో పెట్టిన ఆ కాలం గుర్తుకొస్తే, అంత నమ్మకం నా మీద ఇంకెవరూ పెట్టలేదే అని కూడా అనిపిస్తుంది.

మా మనవరాలు రబ్బరుతో రుద్ది, కార్డు పెట్టి, స్విచ్చి వేసింది. గడియ పనే. బొమ్మ వచ్చింది. వేడెక్కుతుందని రేకు మాత్రం పక్కనే ఆనించి పెట్టింది.

ఇదంతా రాయడం అయ్యాక, బిడ్డా, నువ్వు బస్సెక్కి బిచ్కుంద తోవకు పోయి, మీ చిన్నవ్వ ముందు కూర్చుని ఆమెకే మొదట చదివి వినిపించు. ఏదన్నా మాట కొట్టెయ్యమంటే కొట్టెయ్యి, రేకు మాటా పాల మాటా మాత్రం ఉంచు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ రాక, ఆమె తన మాట నాతో పంపినట్టే నేనూ నీతో పంపుతున్నాను. గడప దాకా పోయి చెంబు తీసుకుని తిరిగి రాకు.