గడువు తీరిన తుపాకి

మా మామ కడపలో తుపాకుల అంగడి నడిపేవాడు. సర్కారు లైసెన్సు ఉన్న అంగడి. అమ్మకాలు అంతంతమాత్రమే. పాత తుపాకులు బాగుచేయడం, ఇతరుల తుపాకులు భద్రంగా దాచిపెట్టడం, ఈ రెండే మాకు ఎక్కువ. లైసెన్సు ఉన్న మనిషి చనిపోతే అతని తుపాకి ఇంట్లో ఉండకూడదు. పోలీసు ఠాణాలోనో, మాలాంటి అంగట్లోనో అప్పగించాలి. వారసుడు తన పేరిట లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకుపోవచ్చు. గడువులోపల తెచ్చుకోకపోతే అది సర్కారుపాలవుతుంది. అందుకే మా అంగట్లో గోడవారగా నిలబెట్టిన తుపాకుల్లో చాలావరకు చనిపోయినవాళ్లవే ఉండేవి.

నేను ఆ అంగట్లోకి వెళ్లింది నా భర్త పోయిన తరువాత. విషజ్వరం వచ్చి, చూస్తూ చూస్తూ ఉండగానే పోయాడు. మామకు ఒక్కడే కొడుకు. అప్పటికే మామ కళ్లకు పొరలు కమ్మాయి. గొట్టాల మీద చెక్కిన నెంబర్లు చదవడం, రిజిస్టరు రాయడం అంతా కొడుకే చూసుకునేవాడు.

"పరాయి మనిషిని నమ్మి పెట్టుకునే పని కాదమ్మా ఇది. నువ్వు చదువుకున్నదానివి. నువ్వే వచ్చి చూడు," అన్నాడు మామ ఒకరోజు.

మొగుడు పోయిన పిల్లను తీసుకొచ్చి తుపాకుల మధ్య కూర్చోబెట్టినాడని బజారులో అనుకున్నారు. మా అత్త కూడా కొన్నాళ్లు నాతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. నాకు మాత్రం, ఆయన పడుకున్న మంచం ఎదురుగా పొద్దంతా కూర్చోవడం కంటే అదే నయమనిపించింది.

ఏటా తనిఖీ ఉండేది. ఆ ఏడు ఆంధ్ర రాష్ట్రం వేరుపడి, రాజధాని కర్నూలుకు వచ్చిన కొత్త. కొత్త అధికారులు, కొత్త ఉత్తర్వులు. తనిఖీకి వచ్చే అధికారి శానా గట్టివాడని, ఒక్క అంకె తేడా వచ్చినా లైసెన్సు రద్దుకు రాస్తాడని మామ ఎవరి దగ్గరో విని వచ్చాడు. ఆ మాట విన్నప్పటినుంచి ఆయనకు అన్నం సరిగా సయించలేదు. మేమిద్దరం పని మొదలుపెట్టాం. తుపాకిమందు దాచే రాతిగది తలుపుకు కొత్త తాళం వేయించాం. ఇసుక తొట్లు నింపాం. నాపరాళ్ల నేల కడిగాను. తూటాల డబ్బాలు విప్పి, లెక్క చూసి, మళ్లీ కట్టాం. ఆ ఏడు కూడా వానలు లేవు. పొద్దున తుడిచిన గాజు బీరువా మీద మధ్యాహ్నానికి ఎర్రటి దుమ్ము పేరుకునేది.

ఒక్కొక్క తుపాకిని మామ నా చేతికి ఇచ్చేవాడు. నేను వెలుతురుకు పట్టి నెంబరు చదివేదాన్ని. ఆయన నూనెగుడ్డతో గొట్టం తుడుస్తూ, "ఇది నడుమంతరంగా గుండె ఆగి పోయినాయనది... ఇది బావిలో పడినాయనది," అని తనలో తాను చెప్పుకునేవాడు. నా భర్త రాసి కట్టిన అట్టముక్కలు వాటికి వేలాడుతూ ఉండేవి. నేను వాటిని మార్చలేదు.

వాటిలో ఒకటి వేంపల్లె పక్క పల్లెలోని ఒక రైతుది. పొలం నీళ్ల తగాదాలో, సంతనుంచి వస్తూ ఉంటే బండి ఆపి అతన్ని నరికారు. అతని భార్యే ఆ తుపాకిని తెచ్చి మాకు అప్పగించింది. దాని గడువు తీరిపోయింది. కొడుకు లైసెన్సుకు అర్జీ పెట్టాడు కానీ అది ఇంకా రాలేదు. తనిఖీకి కొన్నాళ్ల ముందు ఆ అబ్బాయి అంగడికి వచ్చాడు. మీసం ఇంకా సరిగా రాని వయసు.

"కాగితం ఆఫీసులో ఉండాది పెద్దాయనా. వచ్చే సారుతో ఒక మాట చెప్పి ఇంగ కొన్నాళ్లు గడువు ఇప్పియ్యి," అని అడిగాడు.

మామ అట్లా చాలామందికి ఇప్పించాడు. సరేనన్నాడు.

తనిఖీ రేపనగా మధ్యాహ్నం బస్సు దిగి అతని తల్లి వచ్చింది. లోపలికి రమ్మంటే రాకుండా గడప దగ్గరే కూర్చుంది.

"అన్నా, నా కొడుకొచ్చినాడా?"

"వచ్చినాడమ్మా. గడువు అడిగినాడు."

"ఇప్పీయద్దు."

మామ చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు.

"వానికి నిద్ర లేదన్నా. ఆ తుపాకి చేతికొచ్చిన దినమే ఆ నరికినోళ్లింటి మీదికి పోతానని అందరితో చెప్పుకుంటాండాడు. మా ఇంటాయన పోయిన పొద్దు కూడా తుపాకి ఇంట్లోనే ఉండె. ఏం కాపాడింది? సర్కారోళ్లను తీసుకపోనీ. నేను చెప్పినట్ల మాత్రం వానికి తెలియనీయాకు."

"గడువు అడుగుతానని పిల్లోనికి మాటిచ్చినానే," అన్నాడు మామ.

ఆమె నావైపు తిరిగింది. బొట్టు లేని నా ముఖం చూసి, "నీకు పిల్లోళ్లు ఉండారా పాపా?" అని అడిగింది. లేరన్నాను. నేను ఇచ్చిన మజ్జిగ తాగి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

మరునాడు అధికారి వచ్చాడు. కోస్తా మనిషి. మాట తక్కువ. నేను నెంబరు చదవడం, ఆయన పోల్చుకోవడం, అట్లా చాలాసేపు జరిగింది. ఒక్క అంకె కూడా తప్పు రాలేదు. ఆ రైతు తుపాకి దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"దీని గడువు తీరిపోయింది కదండీ. వారసుడి తరఫున ఏమైనా చెప్పుకునేది ఉందా?"

నేను మామ వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. బయట జట్కా ఒకటి పోయిన చప్పుడు వినబడింది.

"ఏమీ లేదు సార్," అన్నాడు మామ.

ఆయన వెంట వచ్చిన బంట్రోతు దానికి గోనెగుడ్డ చుట్టి, తాడు కట్టి, లక్క ముద్ర వేశాడు. అంగడి సక్రమంగా ఉందని అధికారి రాసి సంతకం పెట్టాడు. ఏడాదికి మాకు భయం లేదు. అయినా ఆయన వెళ్లిపోయాక మామ ఆ తుపాకి నిలబెట్టిన చోటును గుడ్డతో తుడిచాడు.

ఆ రైతు కొడుకు సంగతి తెలుసుకుని వచ్చాడు.

"ఒక్క మాట చెప్పడానికి నీకేమైంది పెద్దాయనా?"

"మరిచిపోతి నాయనా. ముసిలోణ్ణి."

"మా నాయనను నరికినప్పుడు మా ఊరోళ్లూ ఇంతే. చూసింది మరిచిపోయినారు," అని గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే బాగుండునని నాకనిపించింది.

ఎండాకాలంలో అతన్ని కూడా చంపేశారు. తెల్లారుజామున ఎద్దులతో కపిలి తోలి నీళ్లు తోడడానికి బావి దగ్గరికి వెళితే అక్కడే కాచుకుని ఉన్నారట. చేతిలో ముల్లుగర్ర తప్ప ఏమీ లేదు.

కేసు పనిమీద కడపకు వచ్చినప్పుడు ఆ తల్లి మళ్లీ మా అంగడికి వచ్చింది. ఈసారి పిలవకముందే లోపలికి వచ్చి నా పక్కన నేలమీద కూర్చుంది.

"అది చేతిలో ఉంటే బతికేవాడని ఊర్లో అంటాండారు పాపా. నువ్వేమంటావు?"

మామే అందుకున్నాడు.

"చేతిలో ఉంటే వాడే ఒకర్ని చంపేవాడేమో తల్లీ. జైలుకు పోయేవాడు."

"పోనీలే అన్నా. జైల్లో ఉన్నా చూసొస్తాంటి కదా."

ఆమె ఏడవలేదు. మామే ఏడ్చాడు. కొడుకు పోయినప్పుడు కూడా నేను ఆయన ఏడవడం చూడలేదు. ఆమె లేచి, ఆయనకు మంచినీళ్లు ఇమ్మని నాకు చెప్పింది. ఆ పూట ఆమెను ఇంటికి తీసుకువెళ్లాను. మా అత్త సంగతంతా విని, సంగటి వేసింది. ముగ్గురం ఆడవాళ్లం వంటింట్లో కూర్చుని తిన్నాం. ఆమె రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. ఇంగ ఊర్లో ఉండలేనని, కోయిలకుంట్ల దగ్గర ఉన్న కూతురింటికి పోతానని చెప్పింది. ఆ తరువాత మేము ఆమెను చూడలేదు.

అటుమీదట మామ చనిపోయినవాళ్ల తుపాకులు తీసుకోవడం మానేశాడు. ఎవరైనా తెస్తే, "ఠాణాలో ఇచ్చుకోండప్పా, ఈడ వద్దు," అని వాకిట్లోనుంచే పంపేసేవాడు. వాటితోనే నడుస్తూ వచ్చిన అంగడి మెల్లగా పడిపోయింది. రెండేళ్లకో మూడేళ్లకో లైసెన్సు గడువు దగ్గరపడితే, తిరిగి రాయించుకోనని ఆయనే అర్జీ రాయించాడు. రాసింది నేనే. ఆయన వేలిముద్ర కాకుండా సంతకమే పెట్టాలని పట్టుబట్టి, కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, తడుముకుంటూ పెట్టాడు.