నాయనమ్మ తోమిన కారు

మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరైనా కారుకు వ్యాక్స్ రుద్దుతుంటే, ఆ వాసనకు నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి.

అప్పట్లో నానక్‌రామ్‌గూడలో ఉండేవాళ్ళం. ఆఫీసువాళ్ళను తిప్పడానికి నాన్న కొత్త నల్ల కారు కొన్నాడు. దసరా పూజకని నాయనమ్మ ఇత్తడి బిందెలతోపాటు కారు బానెట్‌ను కూడా చింతపండు పెట్టి కొబ్బరి పీచుతో తోమేసింది. దాని నిండా సన్నటి తెల్ల గీతలు పడ్డాయి. నాన్న వచ్చి ఆ గీతలను వేలితో తడిమి చూశాడు.

"ఏందిరా, గట్ల చూస్తున్నవ్? మెరుస్తలేదా?" నాయనమ్మ గొంతు సన్నబడింది.

"ఇంకా తడి ఉందమ్మా, జర ఆరనీ. నువ్వు పోయి బంతిపూలు గుచ్చు."

ఆమె లోపలికి వెళ్ళగానే నాన్న మెత్తటి గుడ్డతో గుండ్రంగా పాలిష్ రుద్ది, పైన వ్యాక్స్ పూశాడు. కారు దెబ్బలకు మందు రాస్తున్నాడనుకుని, మంట పుట్టకుండా నేను పక్కన నిలబడి ఊదాను. గీతలు పోయి బానెట్‌లో నా ముఖం కనబడింది.

నాయనమ్మ దండతో వచ్చి చూసి మురిసిపోయింది. "చూసినవా బిడ్డా, చింతపండు పెడితే గిట్లుంటది."

"అవునమ్మా, నీ చెయ్యి పడ్డది కదా," అన్నాడు నాన్న, గుడ్డను వెనక దాచుకుంటూ.

ఆ తర్వాత ప్రతి దసరాకూ కారు నాయనమ్మే తుడిచేది, నాన్న ఇచ్చిన మెత్తటి గుడ్డతో. సరిగ్గా ఆ రోజే ఇంట్లో పీచు ఎందుకు కనబడకుండా పోయేదో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.