ట్యాంకులో దొరికింది తుప్పే

పోయిన మంగళవారం పొద్దున మహబూబాబాద్ నుంచి ఫోన్ వచ్చింది, కార్లు బాగుచేసే మేస్త్రి పోయాడని. జనగామ నుంచి నేను చేరేసరికి ఆయన కార్ల షెడ్డు ముందు ఒక నాయకుడి పొడుగాటి కారు ఆగి ఉంది. నాయకుడు శవం మీద దండ వేసి, ఫొటోలు తీసేవాళ్ళ వైపు తిరిగి, "ఉద్యమంల నా ఆప్తుడు" అన్నాడు. మేస్త్రి ఆయన్ను ఎంత అసహ్యించుకునేవాడో నాకు తెలుసు. చావింట్లో రభస ఎందుకని ఊరుకున్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మహబూబాబాద్‌లో మా ఇల్లు, ఆయన షెడ్డు పక్కపక్కనే. నేను ఒక పత్రికకు వార్తలు రాసేవాణ్ణి. బండి తెచ్చినవాళ్ళు దాని రోగం తామే చెప్పబోతే, "నువ్వు జెప్పకు, అది జెప్తది" అని మేస్త్రి బానెట్ మీద చెవి ఆనించేవాడు. చాయ్ ముట్టుకునే ముందు చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కునేవాడు. నేను కనబడితే, "ఇయ్యాల ఎవల్ని దేవుణ్ణి జేసినవ్ తమ్మీ?" అని అడిగేవాడు. నవ్వకుండా అడిగేవాడు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. జనం పనులు మానుకుని రోడ్ల మీద వండుకు తింటున్నారు. వాళ్ళ మధ్యలో ఈ నాయకుడి లాంటివాళ్ళూ మొలిచారు. నాయకుడన్నాక కారుండాలి కనుక, పశువుల కొట్టంలో ఏళ్ళ తరబడి పడి ఉన్న పాత పెట్రోల్ కారును బయటికి లాగించి జెండా కట్టాడు. నడపడానికి నెల్లికుదురు దగ్గరి తండా నుంచి ఒక డ్రైవర్ను పెట్టుకున్నాడు. ట్యాంకు కడిగించమని డ్రైవర్ రెండుసార్లు చెప్పాడట. జెండా ఉతికించడానికి ఉన్న తీరిక ట్యాంకుకు దొరకలేదు.

జనగామలో సభ. సభకు వెళ్ళినవాళ్ళను అరెస్టు చేస్తారని అందరికీ తెలుసు. మన నాయకుడి కారు ఊరు దాటగానే దగ్గి ఆగిపోయింది. ఆయన హాయిగా ఇంటికొచ్చి, ద్రోహులు తన ట్యాంకులో చక్కెర పోయించారని, పోసింది డ్రైవరేనని ఫిర్యాదు చేశాడు. పోలీసులు డ్రైవర్ను పట్టుకుపోయారు. చక్కెరను ఎవరు చూశారని ఒక్క మాట అడగకుండా నేను ఆ వార్త పంపాను. మర్నాడు అచ్చయింది. ఆయన్ను తిట్టే హక్కు నాకు ఎంతుందో ఇక్కడే చెప్పేశాను.

కారును షెడ్డుకు లాక్కొచ్చారు. నాయకుడు వచ్చి, చక్కెర దొరికిందని చెబితే చాలన్నాడు. మేస్త్రి బ్యాటరీ తీగ విప్పి, పైపు ఊడదీసి, ఉన్న పెట్రోల్ డబ్బాలోకి వంచి, ట్యాంకు కిందికి దించాడు. గోడ మీంచి నన్ను పిలిచాడు.

"రా తమ్మీ. నువ్వు రాసిన చక్కెర సూపిస్త."

పెట్రోల్‌ను తెల్లగుడ్డలో వడగట్టాడు. గుడ్డ మీద ఎర్రటి పొడి, పాత పెట్రోల్ కట్టిన జిగురు మిగిలాయి. పాత రేడియోలోంచి తీసిన అయస్కాంతం దగ్గర పెడితే పొడి ఎగిరి అతుక్కుంది. తర్వాత గ్లాసులో మంచి పెట్రోల్ పోసి, చిటికెడు చక్కెర వేశాడు. కరగలేదు. అడుగున పలుకులు పలుకులుగా కూర్చుంది.

"ఈ ట్యాంకుల గిసొంటి పలుకు ఒక్కటన్న కనవడ్డదా?"

లేదన్నాను.

"మరి ఆ పోరడు లోపలెందుకున్నడు?"

అక్కడే నిలబడ్డ నాయకుడు ఈ ఒక్కసారికి సర్దుకోమని, రాష్ట్రం వచ్చాక గుర్తుంచుకుంటానని అన్నాడు.

"రాష్ట్రం అందరిది సార్," అన్నాడు మేస్త్రి. "తుప్పు మాత్రం మీదే."

గుడ్డ మడిచి, నన్ను ముందు నడిపించుకుని స్టేషన్‌కు పోయాడు. నేను చూడకుండా రాశానని నా నోటితోనే చెప్పించాడు. సాయంత్రానికి డ్రైవర్ను వదిలేశారు. మా పత్రిక మాత్రం సవరణ వేయలేదు. నేనూ గట్టిగా అడగలేదు. ఆ డ్రైవర్ ఇప్పుడు చెల్పూర్‌లో లారీ నడుపుతున్నాడు. మొన్న పాడె మోసినవాళ్ళలో ఉన్నాడు.

విడిచిపెట్టిన మర్నాడు మేస్త్రి, డ్రైవర్ కలిసి ట్యాంకులో వేడినీళ్ళు, బట్టల సోడా, గుప్పెడు గులకరాళ్ళు పోసి ఊపారు. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, పైపులు ఊది, కొత్త ఫిల్టర్ వేసి బిగించారు. అలాంటి మనిషికి ఇంత పని దేనికని అడిగాను.

"కారేం జేసింది?" అన్నాడు.

కారును అప్పజెప్పడానికి ముగ్గురం వెళ్ళాం. నాయకుడు కార్యకర్తల మధ్య కూర్చుని, జరిగింది మరిచిపొమ్మని, రేపటి నుంచి పనిలోకి రమ్మని డ్రైవర్‌తో చెప్పాడు. ఆ ముఖంలో పెద్దమనసు తప్ప సిగ్గు లేదు. డ్రైవర్ తాళంచెవి గేటు దిమ్మె మీద పెట్టి బయటికి నడిచాడు. మేస్త్రి పానాల సంచి ఎత్తుకుని అతని వెంట వెళ్ళాడు. సమ్మె వల్ల తండా వైపు బస్సులు లేవు. వెనక నాయకుడు ఏదో పిలిచి చెబుతున్నాడు. నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. నెల్లికుదురు రోడ్డు మీద ఎండ పరుచుకుని ఉంది. మలుపు దగ్గర డ్రైవర్ ఆ సంచి అందుకుని తన భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ పోయారు.